రొయ్యల్ని గుర్తుపట్టే బోర్డు

నేను మొదటిసారి కంప్యూటరు ముందు కూర్చున్నది బీసెంట్ రోడ్డు వెనక సందులో, మేడ మీద ఉండే ఒక ట్రైనింగ్ సెంటర్లో. తొంభైల మధ్యకాలం. ఇంటర్ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాను. అప్పట్లో విజయవాడలో ఏ సందులోకి తిరిగినా ఒక కంప్యూటర్ సెంటర్ బోర్డు కనిపించేది. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళాలి. ఏసీ గది. మే నెల ఎండలోంచి వచ్చి ఆ చల్లటి గచ్చు మీద కాళ్ళు పెట్టడానికే కొందరు చేరారేమోనని నాకు అనుమానం.

ఒక్కో కంప్యూటరుకి ఇద్దరం. ఏదో ప్రోగ్రాం నడపమంటే నడిపేవాళ్ళం. తెర మీద ఇసుక గడియారం బొమ్మ వచ్చి అలాగే నిలబడిపోయేది.

"సార్, ఇప్పుడు ఇదేం చేస్తోందండీ?" అని మాస్టారిని అడిగాను.

"ఆలోచిస్తోందమ్మా."

"దేని గురించండీ?"

ఆయన నన్ను తేరిపార చూసి, "అది అయ్యేదాకా మనం ఆగాలి, అంతే," అని పక్క బల్ల దగ్గరికి వెళ్ళిపోయారు.

ఆ జవాబు నాకు సరిపోలేదు. డబ్బాకి చెవి పెట్టి విన్నాను. ఫ్యాను తిరుగుతున్న హోరు, మధ్యమధ్యలో డిస్కు గరగర. కాసేపటికి గరగర ఆగింది, ఇసుక గడియారం మాత్రం పోలేదు. మరి పని ఎక్కడ జరుగుతున్నట్టు? నా పక్కనమ్మాయి కిసుక్కున నవ్వింది. "దానికేమైనా జ్వరమొచ్చిందా, అలా చెవి పెట్టి వింటున్నావ్?"

మా ఇల్లు వన్‌టౌన్లో. నాన్న ఒక ఇనప సామాన్ల హోల్‌సేల్ దుకాణంలో గుమాస్తా. నాన్నని మేం అబ్బా అని పిలుస్తాం, అమ్మని అమ్మీ అని. అమ్మీ ఇంట్లోనే మంగళగిరి చీరలకి ఫాల్స్ కుట్టేది. ఇద్దరూ నన్ను చదువుకోవద్దని ఎప్పుడూ అనలేదు. ఎంతవరకు చదవాలో మాత్రం వాళ్ళకీ తెలియదు, నాకూ తెలియదు. ఇంజనీరింగు అయింది, ఎంటెక్ అయింది, గన్నవరం రోడ్డు మీద ఒక ఇంజనీరింగు కాలేజీలో లెక్చరర్ ఉద్యోగమూ వచ్చింది. ఇంక నా చదువు గట్టెక్కినట్టేనని ఇంట్లో అందరం అనుకున్నాం.

రెండువేల సంవత్సరం దాటాక ఒక రోజు అదే కాలేజీ నోటీసు బోర్డులో ఒక కాగితం చూశాను. ప్రభుత్వ సాయంతో మా కాలేజీకి ఒక పరిశోధన ప్రాజెక్టు వచ్చింది. కంప్యూటర్ చిప్పుల నిర్మాణం, వాటి మీద నడిచే న్యూరల్ నెట్‌వర్కులు అంశం. ఒక పరిశోధక విద్యార్థి కావాలి. నెలనెలా స్టైపెండ్ ఇస్తారు, పీహెచ్‌డీకి రిజిస్టర్ చేయిస్తారు. ఆ స్టైపెండ్ నా జీతం కంటే తక్కువే. అయినా ఆ కాగితం ముందునుంచి కదల్లేకపోయాను. నా క్లాసుకి టైం దాటిపోతోందని అటెండరు వచ్చి పిలవాల్సి వచ్చింది.

ఇంట్లో చెప్పాను.

"మళ్ళీ చదువా?" అంది అమ్మీ, సూది నోట్లో పెట్టుకునే.

నాన్నకి మాత్రం వేరే సందేహం వచ్చింది. "వాళ్ళే డబ్బులిచ్చి చదివిస్తారా? ఎందుకంట?"

"వాళ్ళకి జవాబు తెలియని ప్రశ్న ఒకటుంది అబ్బా. అది కనుక్కోవడానికి."

"నీకు తెలుసా జవాబు?"

"నాకూ తెలీదు."

"తెలీనివాళ్ళకి కూడా ఇస్తారన్నమాట," అని ఆయన చాలాసేపు ఆశ్చర్యపోయాడు. వద్దని మాత్రం అనలేదు.

ఇంటర్వ్యూలో ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్నాయనే ప్రాజెక్టు తెచ్చిన ప్రొఫెసరు, తర్వాత నాకు గైడ్ అయ్యారు. యాభై దాటిన మనిషి. ఎక్కడో ప్రభుత్వ లేబరేటరీలో చాలా ఏళ్ళు చిప్పులు డిజైను చేసి, సొంత ఊరు బందరుకి దగ్గరగా ఉంటుందని మా కాలేజీకి వచ్చారట. సబ్జెక్టు ప్రశ్నలు అయ్యాక ఆయన కళ్ళజోడు తీసి, "ఉద్యోగం ఉందిగా, ఎందుకమ్మా ఇందులోకి రావడం?" అన్నారు.

ముందే సిద్ధం చేసుకున్న జవాబు ఒకటి ఉంది. దాన్ని వదిలేశాను.

"ప్రాసెసర్ సెకనుకి కోట్ల పనులు చేస్తుందని రోజూ క్లాసులో చెప్తున్నానండి. అదే క్లాసుని ల్యాబ్‌కి తీసుకెళ్తే ఒక ఫైలు తెరవడానికి ఆ కంప్యూటరు మూలుగుతూ ఉంటుంది. ఆ కోట్లన్నీ మధ్యలో ఎక్కడికి పోతున్నాయండీ? పిల్లలు అడిగితే మాట మార్చేస్తున్నాను."

అటూ ఇటూ కూర్చున్నవాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు. ఏదో రాసుకుని, "సోమవారం నుంచి రా," అన్నారు.

ప్రాజెక్టు రొయ్యల గురించి. అప్పటికి కృష్ణా జిల్లాలో చాలా వరి పొలాలు చెరువులైపోయాయి. ప్లాంటుల్లో రొయ్యల్ని సైజుల వారీగా వేరుచేసి, ఐసు కట్టి, విదేశాలకి పంపేవారు. ఆ వేరుచేసే పని బెల్టు మీద కదిలే రొయ్యని కెమెరాతో చూసి ఒక చిప్పు చేయగలదా అన్నది మా ప్రశ్న. న్యూరల్ నెట్‌వర్కుకి మనం సూత్రాలేవీ చెప్పం. బోలెడు ఫోటోలు చూపించి ఇది పెద్దది, ఇది మధ్యరకం, ఇది చిన్నది అని చెబుతాం. అది తప్పు చెప్పినప్పుడల్లా దాని లోపలున్న వేలకొద్దీ అంకెల్ని కాస్త కాస్త సర్దుతాం. సర్దగా సర్దగా ఒకనాటికి కొత్త రొయ్యని చూపించినా తనే చెబుతుంది. ఆ అంకెల్ని వెయిట్లు అంటాం. అప్పట్లో ఈ నెట్‌వర్కులంటే చాలామంది పెదవి విరిచేవారు. అది నేర్చుకున్నదేమిటో విప్పి చూపించలేమని, నమ్మడం ఎలాగని వాళ్ళ వాదన. నాకు ఆసక్తి పుట్టించింది సరిగ్గా అదే.

నెట్‌వర్కుకి నేర్పడం, దాన్ని గైడ్‌గారు తయారుచేసిన ఎలక్ట్రానిక్ బోర్డు మీద నడిపించడం నా పని. ఆ బోర్డు మీద, డిజైను మార్చి మళ్ళీ మళ్ళీ ఎక్కించుకోగల చిప్పు ఒకటి, అందులో గుణకారాలు చేసే చిన్న చిన్న యూనిట్లు బారులుగా ఉండేవి. వాటిని ఆయన "నా గుణకాలు" అనేవారు, ఇంట్లో పెంచుకునే కోళ్ళ గురించి మాట్లాడినట్టు.

ముందు ఫోటోలు కావాలి. వాటికోసం చల్లపల్లి దాటి దివిసీమ వైపు ఒక ప్లాంటుకి బస్సులో వెళ్ళేదాన్ని. ప్లాంటు లోపల గంబూట్లు, తలకి టోపీ, ముక్కుకి గుడ్డ. పొడవాటి స్టీలు బల్లలకి రెండు వైపులా ఆడవాళ్ళు నిలబడి, ఐసు ముక్కల్లోంచి రొయ్యల్ని ఏరి ట్రేల్లోకి విసురుతుండేవారు. చాలామంది చుట్టుపక్కల చేపలు పట్టే ఇళ్ళవాళ్ళు. నేను ఒక మూల స్టాండు మీద కెమెరా బిగించి, ఒక్కో రొయ్యనీ నల్లగుడ్డ మీద పెట్టి ఫోటో తీస్తుంటే వాళ్ళకి నవ్వాగేది కాదు.

"రొయ్యలకి ఫోటోలేంటమ్మా? సంబంధాలు చూస్తన్నావా వాటికి?" అంది బల్ల చివర నిలబడే పెద్దావిడ. నలభై దాటి ఉంటాయి. అందరూ అక్కా అనేవారు, నేనూ అలాగే పిలిచేదాన్ని.

"మిషనుకి చూపించి నేర్పిస్తానక్కా. ఏది పెద్దదో, ఏది చిన్నదో."

ఆమె చేతులు ఆపకుండానే అడిగింది. "నేర్చుకున్నాక మా చోట్లో నిలబడుద్దా అది?"

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా నా వైపు చూశారు. ఏదైనా మెత్తటి మాట చెప్పి దాటేయొచ్చు. చెప్పబుద్ధి కాలేదు.

"సరిగ్గా పనిచేస్తే, కొంతమందికి పని తగ్గొచ్చక్కా. పనిచేస్తుందో లేదో నాకింకా తెలీదు."

"ఉన్నమాట చెప్పావులే," అని ఆమె ఒక ట్రే నా వైపు జరిపింది. "అయితే మంచియ్యే చూపించు. ఈ మెత్తబడ్డయ్యి చూపించావనుకో, అదీ మా సూపర్‌వైజర్లాగే తయారవుద్ది."

అందరూ గొల్లున నవ్వారు. నేనూ నవ్వాను. కానీ తిరుగు బస్సులో ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. మర్నాడు గైడ్‌గారితో చెప్పాను. ఏదో సిద్ధాంతం చెబుతారనుకున్నాను. ఆయన బోర్డుకి వైరు అతుకుతూ, తల ఎత్తకుండా అన్నారు:

"మా అమ్మ బందరు మార్కెట్లో చేపలమ్మేది. ఐసులో చేతులు పెట్టి పెట్టి ఆవిడ వేళ్ళు చివరికి ముడుచుకునేవి కావు, అన్నం కలిపి పెట్టాల్సి వచ్చేది. ఐసులో చెయ్యి పెట్టే పని మిషను చెయ్యాలి, కూలి మాత్రం మనిషికే రావాలి. రెండోది ఎలాగో నాకు తెలీదమ్మా. మొదటిదే కాస్తో కూస్తో తెలుసు."

అంతకుముందు కాలేజీలో ఎవరికీ ఆయన ఆ సంగతి చెప్పినట్టు లేదు. నేనూ ఇంకెవరితోనూ అనలేదు.

ఫోటోలు చాలినన్ని అయ్యాయి. మామూలు కంప్యూటరు మీద నెట్‌వర్కు బాగానే నేర్చుకుంది. చిక్కంతా బోర్డు మీదికి ఎక్కించాక వచ్చింది. కాగితం మీద లెక్క ప్రకారం రొయ్య కెమెరా కిందకి వచ్చీ రాగానే జవాబు రావాలి. ల్యాబ్‌లో బిగించిన చిన్న బెల్టు మీద నిజంగా నడిపితే, రొయ్య దాని చివరికి వెళ్ళి కిందపడ్డాక, తీరిగ్గా, "పెద్దది" అని చెప్పేది.

"గుణకాలు చాలట్లేదు. ఇంకో వరస పెడదాం," అన్నారు గైడ్‌గారు. రెండు నెలలు కూర్చుని డిజైను మార్చారు. గుణకాలు రెట్టింపయ్యాయి. బోర్డు వేగం రవ్వంతైనా పెరగలేదు.

అప్పుడు నాకు పట్టుకుంది అసలు పిచ్చి. పని చేసేవాళ్ళని రెట్టింపు చేస్తే పని ఎందుకు తొందరగా అవ్వదు? వానాకాలమంతా అదే ఆలోచన. బస్సులో అదే, అన్నం తింటూ అదే. చివరికి ఒక చిన్న ఉపాయం తోచింది. ఎక్కువ చేసి చూశాం కదా, అసలు లేకుండా చేసి చూస్తే? వెయిట్లన్నీ వాటిని దాచి ఉంచే పక్క మెమరీ చిప్పు లోంచి మామూలుగానే రావాలి, కానీ వాటితో గుణకారం చెయ్యకూడదు. వచ్చిన అంకెని వచ్చినట్టే పారేయాలి. అలా మార్చి నడిపాను.

అంతే సమయం పట్టింది.

పాత డిజైనే ఎక్కించానేమో అనుకున్నాను. మళ్ళీ చూసి ఎక్కించాను. అంతే సమయం. పనంతా తీసేసినా రవ్వంత కూడా తగ్గలేదు! తర్వాత తిరగేసి చేశాను. గుణకారాలన్నీ ఉంచి, మెమరీ లోంచి ఏమీ తేకుండా ఒకే అంకెతో మళ్ళీ మళ్ళీ గుణించమన్నాను. ఇలా మీట నొక్కానో లేదో, అయిపోయింది. అంటే గుణకాలు మొదటినుంచీ వేగంగానే ఉన్నాయి. అంకెలు వచ్చేదాకా ఊరికే నిలబడి ఉంటున్నాయి, అంతే.

పరుగున వెళ్ళి గైడ్‌గారికి చూపించాను. ఆయన మొహం మాడిపోయింది.

"కొలత తప్పు."

"మళ్ళీ మళ్ళీ కొలిచానండి."

"అయితే కొలిచే పద్ధతే తప్పు. మెమరీకి కొంత టైం పడుతుందని నాకు తెలీదా? అది లెక్కలో వేసే చేశాను." చేతిలో పెన్ను బల్ల మీద పడేసి బయటికి వెళ్ళిపోయారు.

తర్వాత కొన్ని రోజులు ల్యాబ్‌కి రాలేదు. క్లాసులు చెప్పి ఇంటికి వెళ్ళిపోయేవారు. నా ఫెలోషిప్ కాగితాల మీద ప్రతి ఆరు నెలలకీ ఆయన సంతకం ఉండాలి. నోరు మూసుకుని ఇంకో వరస గుణకాలు పెట్టి ఉంటే సరిపోయేదా అని భయమేసింది. కానీ చూసిన దాన్ని చూడలేదని ఎలా అనుకోను? ఊరికే కూర్చోలేక మెమరీ చిప్పు కాళ్ళకి ఆసిలోస్కోపు తగిలించి, దాని తెర మీద ఒక్కో అంకె ఎంతసేపటికి వస్తోందో చూస్తూ ఉండేదాన్ని.

ఒక ఉదయం నేను వెళ్ళేసరికి ఆయనే ముందు వచ్చి ఉన్నారు. టిఫిన్ బాక్సు కూడా విప్పలేదు.

"చూపించమ్మా. నువ్వు ముట్టుకోకు, నా చేత్తో నేను చేస్తా."

నేను చెబుతుంటే ఆయనే డిజైను మార్చారు, ఆయనే ఎక్కించారు, ఆయనే కొలిచారు. మధ్యాహ్నానికి కుర్చీలో వెనక్కి వాలారు.

"లేబరేటరీలో చేసినప్పుడు అంకెలు కాసినే ఉండేవి, చిప్పులోనే పట్టేవి. ఇందులో వేలకి వేలు. ఆ తేడా నాకు తట్టలేదు. ఇన్నాళ్ళూ గుణకాల్ని పరిగెత్తించడం ఎలాగా అని చూశాను. ఇవేమో రేషన్ షాపు దగ్గర క్యూలో నిలబడ్డాయి!" అని పెద్దగా నవ్వారు. ఆ నవ్వుతో నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ తర్వాతే టిఫిన్ బాక్సు విప్పి, సగం పులిహోర నా వైపు జరిపారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర నాన్నకి చెప్పాను. "మీ కౌంటర్లో ఎంతమందిని పెట్టినా, సరుకు పక్క వీధి గోడౌను నుంచి ఒక్క రిక్షాలోనే రావాలనుకో అబ్బా. అందరూ చేతులు కట్టుకుని నిలబడాల్సిందేగా?"

"ఈ మాట మా షేఠ్ ముందు అనకు. రిక్షా పెంచడు, మనుషుల్ని తీసేస్తాడు," అన్నాడు నాన్న.

అమ్మీకి వేరే బాధ ఉండేది. సంబంధాల వాళ్ళు అమ్మాయి ఏం చేస్తుందని అడిగితే ఏం చెప్పాలో తోచేది కాదు. "చదువుకుంటోంది" అంటే "ఈ వయసులోనా?" అనేవారు, "ఉద్యోగం" అంటే "ఎక్కడ?" అనేవారు. ఒకసారి నాన్న అందుకుని "రొయ్యలకి ఫోటోలు తీస్తుందండీ" అన్నాడు. ఆ వచ్చినవాళ్ళు టీ కూడా పూర్తిగా తాగలేదు.

జబ్బు ఎక్కడుందో తెలిసింది. మందు తెలియలేదు. మెమరీని వేగంగా చెయ్యడం మా చేతుల్లో లేదు. వెయిట్లన్నిటినీ చిప్పులోనే పెట్టేద్దామంటే పట్టవు. వాటిని కాస్త కుదించి ఎక్కువ పట్టించే ప్రయత్నంలో ఉండగా ఒక తమాషా జరిగింది. ఒక వారం నుంచి ఫలితాలు బాగానే వస్తున్నాయి. ప్రోగ్రాం మళ్ళీ చదువుతుంటే అందులో తప్పు కనిపించింది. అంకెల్ని నేను అనుకున్నంత కాదు, చాలా ఎక్కువ కత్తిరించేస్తున్నాను. దశాంశాల తోక మొత్తం తెగిపోయి మొండి అంకెలు మిగిలాయి. వాటితో నెట్‌వర్కు ఏ రొయ్యనీ గుర్తుపట్టకూడదు. కానీ గుర్తుపడుతోంది. ఎప్పటిలాగే, దాదాపు అంతే బాగా.

తప్పు దొరికితే వెంటనే దిద్దుతాం. దాన్ని దిద్దడానికి నాకు చెయ్యి రాలేదు. ఇంకొంచెం కత్తిరిస్తే? కత్తిరించాను. పనిచేసింది. ఇంకొంచెం? అలా కోసుకుంటూ పోతే ఒకచోట ఉన్నట్టుండి కుప్పకూలింది. ఆ రోజు ప్రతి రొయ్యా, చివరికి ఖాళీ నల్లగుడ్డ కూడా, "పెద్దది" అయిపోయింది. అంటే ఒక హద్దుంది. ఆ హద్దు దాకా నెట్‌వర్కుకి ఆ తోకలేవీ అక్కర్లేదు. ఎందుకని? పెద్ద రొయ్యో చిన్న రొయ్యో తేల్చడానికి నాలుగో దశాంశం అవసరం లేదన్నది పైపై జవాబు. అది నాకు తృప్తినివ్వలేదు. ఏ వెయిటుని కోస్తే ఫర్వాలేదు, దేన్ని కోస్తే మొత్తం చెడిపోతుంది? ముందే తెలుసుకోగలమా? నా సిద్ధాంత వ్యాసం అక్కడ మొదలైంది. కుదించిన వెయిట్లన్నీ చిప్పులోనే పట్టేశాయి. బోర్డు రొయ్యని అందుకుంది.

ప్రాజెక్టు గడువు దగ్గరపడ్డాక సమీక్షకి బయటినుంచి ఒక కమిటీ వచ్చింది. ల్యాబ్‌లో కాదు, ప్లాంటులోనే చూస్తామన్నారు. తెల్లకోట్లు, టోపీలు వేసుకుని బెల్టు చుట్టూ నిలబడ్డారు. బల్లల దగ్గర అక్కావాళ్ళు పని చేస్తూనే ఓరగా చూస్తున్నారు. మొదట బాగానే నడిచింది. తర్వాత ఐసు కొత్తగా పోసిన ట్రేలు బెల్టు మీదికి రావడంతో ఆ చల్లగాలి తగిలి కెమెరా కన్ను మీద ఆవిరి కమ్మేసింది. తుడిచాను. మళ్ళీ కమ్మింది. చున్నీ కొంగుతో తుడుస్తూనే ఉన్నాను. బోర్డు మాత్రం ఏ మొహమాటమూ లేకుండా "చిన్నది, చిన్నది, చిన్నది" అని చెప్పుకుపోతోంది.

కమిటీ పెద్దాయన వంగి తెర చూసి అడిగారు: "దీనికిప్పుడు ఏమీ కనపడట్లేదు కదమ్మా?"

"కనపడట్లేదండి."

"మరి కనపడట్లేదని ఎందుకు చెప్పదు?"

ఆ ప్రశ్న అంతవరకు నాకు రాలేదు. సిగ్గుపడాల్సిన చోట నాకు ఆశ్చర్యమేసింది. "దానికి పెద్దది, మధ్యరకం, చిన్నది అనే మూడు మాటలే నేర్పామండి. తెలీదు అనే మాట నేర్పలేదు," అన్నాను.

ఆయన తల పంకించి, ఆఫీసు గదిలోకి నడిచారు. అక్కడ గైడ్‌గారు నన్నే మాట్లాడమన్నారు. గుణకారాలు తీసేసి చేసిన ప్రయోగం నడిపి చూపించాను. అంకెలు కోసినా జవాబు చెడకపోవడం చూపించాను. ఒకాయన ఫోన్‌లో మునిగిపోయారు. పెద్దాయన మాత్రం "ఇంకా కొయ్యి, ఇంకా కొయ్యి," అంటూ నెట్‌వర్కు కూలిపోయేదాకా చేయించి, అది కూలగానే చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు.

కొన్ని వారాలకి నిర్ణయం వచ్చింది. మిషనుకి ఇక నిధులు ఇవ్వరు. నా ఫెలోషిప్ మాత్రం పొడిగించారు, వెయిట్ల కుదింపు మీద పని పూర్తి చెయ్యడానికి. గైడ్‌గారు తన డబ్బాలన్నీ ప్లాంటు నుంచి విప్పించి తెచ్చారు. "ఆవిరిని మర్చిపోయానమ్మా. పుట్టినప్పటినుంచీ ఇంట్లో ఐసుని చూసి కూడా," అని ఒక్కమాట అన్నారు.

ఆ రోజే అక్క దగ్గరికి వెళ్ళాను. "మిషను రావట్లేదక్కా."

"పోనీలే," అంది. "మరి నీ చదువు?"

"ఉంది. అది ఆపలేదు."

"ఆ కంటికి పొగ కమ్మకపోతే వచ్చేసేదిగా?"

"వచ్చేదేమో."

"అయితే ఎప్పుడో వచ్చుద్ది. నువ్వు కాకపోతే ఇంకోళ్ళు తెస్తారు." ఆమె గొంతులో కోపం లేదు. "మా పాపని నర్సు ట్రైనింగులో చేర్పించాలే. ఈ ఐసు నాతో ఆగిపోవాల." గ్లవ్స్ తీసి, ఎర్రగా కందిపోయిన వేళ్ళని చంకల్లో దాచుకుని వెచ్చబెట్టుకుంటూ నన్ను గేటు దాకా సాగనంపింది. తర్వాత నేను ఆ ప్లాంటుకి వెళ్ళే పని పడలేదు.

వ్యాసం పూర్తవడానికి అనుకున్నదానికంటే ఎక్కువ కాలం పట్టింది. ఏ వెయిటుని కోయొచ్చో ముందే అంచనా వేసే పద్ధతి ఒకటి దొరికింది. అన్నిసార్లూ కాదు, చాలాసార్లు పనిచేసేది. పనిచేయని చోట ఎందుకు పనిచేయదో సగమే చెప్పగలిగాను. మిగతా సగం చెప్పలేనని వ్యాసంలోనే రాశాను. తీసేయమంటారేమో అనుకుంటే, గైడ్‌గారు ఆ పేరా పక్కన పెన్సిలుతో టిక్కు పెట్టారు.

వైవా రోజున సెమినార్ హాలు తలుపులు తెరిచే ఉంచారు, ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. అమ్మీ ముందు వరసలో కూర్చుంది. నాన్న దుకాణానికి సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి చివరి వరసలో కూర్చున్నాడు. పరీక్షకి వచ్చిన ప్రొఫెసరు గంటకి పైగా ప్రశ్నలడిగారు. చివర్లో, ఆనవాయితీగా, "సభలో ఎవరికైనా సందేహాలుంటే అడగొచ్చు," అన్నారు.

వెనక నాన్న లేచి నిలబడ్డాడు.

"నాదొక సందేహమండీ," అన్నాడు చేతులు కట్టుకుని. "ఇప్పుడు మా అమ్మాయి పాసైనట్టేనా అండీ?"

హాలంతా నవ్వులు. ప్రొఫెసరు కూడా నవ్వి, "కాసేపు బయట కూర్చోండి, చెబుతాం," అన్నారు. బయట వరండాలో మేం ముగ్గురం బల్ల మీద కూర్చున్నాం. అమ్మీ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. లోపలినుంచి గైడ్‌గారు వచ్చి ముందు నాన్న చెయ్యి పట్టుకుని ఊపారు. అప్పుడు తెలిసింది నాకు.

అదే కాలేజీలో మళ్ళీ పాఠాలు చెప్పడం మొదలుపెట్టాను. కొన్నాళ్ళకి గైడ్‌గారు రిటైరయ్యారు, అయినా వారానికి ఒకసారి ల్యాబ్‌కి వచ్చేవారు. ఒక రోజు చేతిలో ఒక అట్టపెట్టె పట్టుకుని వచ్చారు. దాని మీద కత్తి పట్టుకున్న ఒక వీరుడి రంగురంగుల బొమ్మ.

"ఏంటండీ ఇది?"

"కంప్యూటర్లో ఆటలాడుకునేవాళ్ళు వేసుకునే గ్రాఫిక్స్ కార్డు. మా మేనల్లుడు హైదరాబాదు నుంచి తెచ్చాడు. దీంతో ఆటలే కాదు, మామూలు లెక్కలూ చేయించొచ్చని ఎక్కడో చదివానమ్మా. వందల గుణకాలున్నాయంట ఇందులో."

ఇద్దరం పెట్టె విప్పాం. ఫ్యాను తొలగించి, కింద చిప్పునీ, దాని చుట్టూ కాపలా కాస్తున్నట్టు పేర్చిన మెమరీ ముక్కల్నీ చూశాం. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, వేలితో ఒక్కో ముక్కనీ చూపిస్తూ పోయారు. మెమరీని చిప్పుకి ఇంత దగ్గరగా ఎందుకు పెట్టారో అడిగారు. నేనొక కారణం చెప్పాను, ఆయన ఇంకోటి చెప్పారు. కాసేపు వాదించుకున్నాం. తర్వాత ఫ్యాను మళ్ళీ బిగించి, కార్డుని ల్యాబ్‌లో ఉన్న వాటిలో కొత్త కంప్యూటరుకి తగిలించి, నా పాత నెట్‌వర్కుని దాని మీద నడపడానికి ప్రోగ్రాం రాయడం మొదలుపెట్టాం. ఆ సాయంత్రం అది పనిచేయలేదు. ఎందుకు పనిచేయలేదో మాట్లాడుకుంటూ బస్టాపు దాకా నడిచాం. ఆయన బందరు బస్సు ఎక్కాక కూడా కిటికీ లోంచి తల బయటపెట్టి, "రేపు ముందు చిన్న లెక్కతో ప్రయత్నించు!" అని అరిచారు.